బొటనవేలి కింద గుంట

పోయినవారం మైనపక్కని ఎక్కడ వదిలామో గుర్తుందిగా? ఆస్పత్రి కింది అంతస్తులో, కిటికీ లేని తన పనిగదిలో, పంపు కింద చేతులు పెట్టి నిలబడగా వదిలాం. రెండేళ్ళ నాలుగు నెలలుగా రాని కబురు ఆ ఉదయం వచ్చింది. ఆమె తమ్ముడికి సరిపోయే చేతులు దొరికాయి.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. తమ్ముడిది కటింగ్ షాపు. షాపు మీద బోర్డు మారుస్తుంటే పట్టుకున్న ఇనపరాడ్డు కరెంటు తీగకి తగిలింది. ప్రాణం మిగిలింది గానీ, రెండు చేతులూ మోచేతికి జానెడు కిందనుంచి తీసేయాల్సి వచ్చింది. మైనపక్క అతనికి సొంత అక్క. పోయిన అవయవాల బదులు పెట్టుకునే చేతులూ ముక్కులూ చెవులూ తయారుచేయడం ఆమె ఉద్యోగం. ఏది చేసినా ముందు మైనంతో మొదలుపెడుతుంది కాబట్టి ఆస్పత్రిలో అందరికీ ఆమె మైనపక్క.

చేతులు ఇస్తున్నది ఒక తాళాల మేస్త్రి. నిచ్చెన మీంచి పడ్డాడు. మెదడు పూర్తిగా పోయింది, మిషను సాయంతో గుండె మాత్రం కొట్టుకుంటోంది. ఆయన భార్య మూత్రపిండాలూ కాలేయంతోపాటు చేతులు కూడా ఇస్తానని ఒప్పుకుంది.

ఈ ఆస్పత్రిలో ఒక పద్ధతి ఉంది. చేతులిచ్చిన మనిషిని ఖాళీ చొక్కా చేతులతో ఇంటికి పంపరు. ఆయన చేతులకి అచ్చు తీసి, మైనంతో అచ్చంగా అలాంటి చేతులే చేసి, రంగు వేసి పక్కన పెడతారు. ఇంటివాళ్ళలో ఒకరు వచ్చి చూసి, 'ఇవి మావాళ్ళ చేతులే' అని సంతకం పెట్టాలి. ఆ సంతకం పడేదాకా పైన ఆపరేషన్ థియేటర్లో కత్తి కదలదు. ఈ రూలు పెట్టింది చేతుల సర్జన్లందరికీ పెద్దాయన. ఏ మాట చెప్పినా నిమిషాల్లో చెబుతాడు కనక ఆయన్ని వెనకాల అందరూ గడియారం డాక్టరు అంటారు. ఇచ్చినవాళ్ళూ పుచ్చుకున్నవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూడకూడదన్న రూలు కూడా ఆయనదే. ఆ లెక్కన ఈ పని మైనపక్క చేతికి రానేకూడదు. కానీ అచ్చులు తీసే రెండో మనిషి సెలవులో ఉన్నాడు.

"చేయగలవా?" అన్నాడు గడియారం డాక్టరు.

"చేస్తాను సార్."

"మరి నోరు?"

"కుట్టేసుకుంటాను."

అక్కడ ఆగాం. ఇక కానిద్దాం.

తాళాలాయన చేతులు సెలైన్ నీరు పట్టి ఉబ్బి ఉన్నాయి. మైనపక్క ఆ చేతుల్ని ఒక్కొక్కటీ జిగురుముద్దలో నాలుగు నిమిషాలు ఉంచి తీసింది. అచ్చుల్లో మైనం పోసింది. చల్లారాక అచ్చులు పగలగొట్టి, గోళ్ళకి గోళ్ళ రంగు, నరాలకి నరాల రంగు వేసుకుంటూ వచ్చింది. ఎడమ చిటికెన వేలి గోరు మధ్యకి చీలి ఉంటే ఆ చీలిక కూడా దింపింది. అలాంటి వాటిలో ఆమెకి వంక పెట్టడానికి లేదు.

కుడిచేతి దగ్గరికి వచ్చేసరికి, బొటనవేలి మొదట్లో కండ ఉండాల్సినచోట చిన్న గుంట కనిపించింది. ఉబ్బిన చేతిని ఎవరు పట్టుకున్నా వేలి గుంట పడుతుంది, పిసికిన పిండిలో పడ్డట్టు. ఇలాంటివి ఆమె వందలు చూసింది. ఏ నర్సో మంచం మార్చేటప్పుడు గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఆ మాట అనుకుందో లేదో కూడా చెప్పలేం. కరిగిన మైనం రెండు చుక్కలు వేసి, తన బొటనవేలితో నున్నగా రాసి, ఎడమచేతికి జతగా చేసేసింది. పట్టింది పది సెకన్లు. పక్కనున్న కాగితంలో 'చేతుల ఆకారం' అన్నచోట 'రెండూ సమానం' అని రాసి కింద సంతకం కూడా గీకింది.

ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. పని రానివాళ్ళు ఇలాంటి తప్పు చేయనే చేయలేరు. ఆ గుంటని గుంటలాగే వదిలేసేవాళ్ళు, ఎవరో ఒకరు అడిగేవాళ్ళు. పని మరీ బాగా వచ్చినవాళ్ళ చేతులే ఇలా మనిషిని అడక్కుండా ముందుకు పోతాయి.

పదీ పదికి తాళాలాయన భార్య వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి. ఏడ్చి ఏడ్చి, ఇక ఏడవడానికి ఓపిక లేక ఊరుకున్న మొహం. బల్లమీద గుడ్డ తీయగానే కుర్చీలో కూర్చుంది.

"పట్టుకోవచ్చా?"

"పట్టుకోండమ్మా. మెల్లిగా."

ఎడమచేతిని తీసుకుంది. చిటికెన వేలి గోరు చూసి, ఆమె పెదవి ఒక పక్కకి వంగింది.

"పెళ్ళయిన కొత్తలో తలుపు సందులో పెట్టుకున్నాడు. తలుపులు బాగుచేసేవాడివి, నీకే తలుపు సంగతి తెలీదా అని నవ్వాను. వారంరోజులు మాట్లాడలేదు నాతో." ఆ చీలికని వేలితో రాసింది. "ఎంత బాగా చేశావమ్మా. ఇది ఆయనే."

మైనపక్క గుండె కుదుటపడింది. పైన మూడో అంతస్తులో తమ్ముడు గౌను తొడుక్కుని పడుకుని ఉన్నాడు. ఇంకో చెయ్యి, ఒక సంతకం. అంతే.

తాళాలాయన భార్య కుడిచేతిని తీసుకుంది. కళ్ళు మూసుకుంది. ఆమె బొటనవేలు తడుముకోకుండా తిన్నగా వెళ్ళి ఆ మైనపు బొటనవేలి మొదట్లో ఆగింది. ఆగి, అక్కడే అటూ ఇటూ వెతికింది. కళ్ళు తెరిచింది. చేతిని బల్లమీద పెట్టేసింది.

"ఇది ఆయనది కాదు."

"ఆయనదేనమ్మా. ఆయన చేతి నుంచే అచ్చు తీశాను."

"కాదంటున్నాగా. ఎవరిదో తెచ్చి పెట్టారు."

"అమ్మా, నామాట వినండి. చేతులు వాచి ఉన్నాయి కదా, అందుకే కొంచెం మారినట్టు—"

"వాపు నాకు తెలీదా? రెండ్రోజులుగా ఆ చెయ్యి పట్టుకునే కూర్చున్నాను." గొంతు లేచింది. "ఇక్కడ గుంట ఉండాలి. చెంచాడు ఉప్పు పోస్తే నిలిచేది. అదేది?"

మైనపక్క మొహంలో కత్తివేటుకు నెత్తుటిచుక్క లేదు.

"ఆ గుంట... పడిపోయాక వచ్చింది కాదా?"

"ఏడాదైంది వచ్చి. ముందు తిమ్మిరన్నాడు. తర్వాత కండ కరిగిపోవడం మొదలుపెట్టింది. చొక్కా గుండీలు నేనే పెట్టేదాన్ని. ఊరందరి తాళాలూ తీసినవాడు మొదట్లో మా ఇంటి తాళం నాచేత తీయించేవాడు, సంచీ బరువుగా ఉందే, నువ్వు తియ్యి అని. సంచీలో ఏముంటుంది, రెండు ఆకురాళ్ళు." ఆమె మైనపు చేతిని మళ్ళీ దగ్గరికి లాక్కుంది. "ఎవరికీ చెప్పద్దన్నాడు. తాళాలాయనకి చెయ్యి పట్టు తప్పిందని తెలిస్తే గిరాకీ ఎవరొస్తారు? చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుందంటారే, అలా ఉండేది మా పని."

"డాక్టర్లు అడిగారు కదమ్మా, జబ్బులేమన్నా ఉన్నాయా అని."

"సుగరుందా అన్నారు. లేదన్నాను. బీపీ? లేదు. గుండెజబ్బు? లేదు. చెయ్యి ఎలా ఉండేదని ఒక్కరన్నా అడిగారా? ఎదురుగా కనపడుతోందిగా, చూసే తీసుకుంటున్నారనుకున్నాను."

చూడాల్సిన మనిషి తనే. చూసింది. చూసి పూడ్చేసింది.

మైనపక్కకి ఈ గుంట అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. మణికట్టు దగ్గర నరం నలిగితే బొటనవేలి కండ ఇలాగే ఎండిపోతుంది. కొత్తమనిషికి అతికించాక అతని నరం నెలల తరబడి పాకుతూ వచ్చి ఆ కండని అందుకోవాలి. అందుకున్నా, ఎండిన కండ ఏం పలుకుతుంది? నాలుగు వేళ్ళూ కదలొచ్చు, బొటనవేలు మాత్రం పక్కన కూర్చుని చూస్తుంది. అదీ కటింగ్ చేసేవాడికి. కత్తెర పట్టినప్పుడు ఉంగరపు వేలు కదలదు, నడిచేదంతా బొటనవేలే. చిన్నప్పుడు తన జుట్టు మీద ప్రాక్టీసు చేస్తూ తమ్ముడే చెప్పిన పాఠం అది.

"ఆ గుంట పెట్టు చాలు," అంది తాళాలాయన భార్య, గొంతు తగ్గించి. "నేను సంతకం పెట్టేస్తాను. కానీ పైన చెప్పకమ్మా. ఇంత చేశాక, ఆ చెయ్యి మాకొద్దంటే... ఏడాదిపాటు పనికిరాని చెయ్యని ఎవరిచేతా అనిపించుకోలేదు ఆయన. పోయాక అనిపించుకోకూడదు."

చూశారా, ఎలా కుదిరిందో. చెప్పొద్దని ఆమె బతిమాలుతోంది. చెప్పకపోతే తమ్ముడికి చేతులొస్తాయి. గుంట సంగతి ప్రపంచంలో ఇద్దరికే తెలుసు. ఆర్నెల్ల తర్వాత బొటనవేలు కదలకపోతే, కొందరికి అలా అవుతుందని డాక్టర్లే సర్దిచెప్పుకుంటారు. దెయ్యం వచ్చి దగ్గర కూర్చుని, ఒళ్ళు నిమిరి చెప్పినా ఇంత సుఖంగా చెప్పదు.

మైనపక్క చిన్న చెంచా వేడిచేసింది. తను పూడ్చిన చోటే తవ్వింది. తాళాలాయన భార్య పక్కనే నిలబడి, "ఇంకొంచెం. ఇంకొంచెం లోపలికి. ఆఁ, చాలు," అంది. మళ్ళీ కళ్ళు మూసుకుని బొటనవేలు ఆనించింది. ఈసారి అది వెళ్ళి గుంటలో కుదురుకుంది. ఆమె అలాగే కూర్చుండిపోయి, ఇందాక ఓపిక లేదనుకున్న ఏడుపంతా ఏడ్చింది. తర్వాత సంతకం పెట్టింది.

పదిన్నర. కాగితం ఒక చేతిలో, గుడ్డలో చుట్టిన మైనపు కుడిచెయ్యి ఆప్రాన్ జేబులో. ఆ చెయ్యి ఎందుకు వెంట తీసుకొచ్చిందో మెట్లెక్కుతున్న మైనపక్కకే తెలియదు. థియేటర్‌కి వెళ్ళాలంటే తమ్ముడి గది ముందునుంచే దారి. తలుపు తీసే ఉంది.

"అక్కా! దొంగలా పోతున్నావేంటి?"

లోపలికి వెళ్ళక తప్పింది కాదు. తమ్ముడు రెండు మొండి చేతులూ దుప్పటి మీద పెట్టుకుని, పెళ్ళిచూపులకి కూర్చున్నవాడిలా ఉన్నాడు. గడ్డం నున్నగా ఉంది. తెల్లారి ఆమె గీసిందే. రెండేళ్ళుగా ఆమే గీస్తోంది, రెండేళ్ళుగా ఆ పనికి అతను వంకలు పెడుతూనే ఉన్నాడు.

"సంతకమైందా?"

"అయింది."

"మరి ఆ మొహమేంటి? చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదంటారు గానీ, నాకు పట్టుకోవడానికి చేతులే లేకపోయె. ఇవాళ్టితో ఆ లోటు తీరుతోంది. నవ్వవే."

నవ్వింది.

"అక్కా, నిజం చెప్పు. నువ్వు చూశావుగా ఆ చేతుల్ని. మిగతా వేళ్ళు ఎలాగున్నా సరే. కుడి బొటనవేలు బాగుందా?"

"బంగారంలా ఉందిరా," అంది మైనపక్క.

అని బయటికొచ్చేసింది. కక్కలేక మింగలేక నాలుగడుగులు వేసింది. థియేటర్ తలుపు దగ్గర గడియారం డాక్టరు టోపీ పెట్టుకుని నిలబడి, దూరంనుంచే చెయ్యి చాచాడు.

"కత్తి పెట్టడానికి ఇరవై ఆరు నిమిషాలుంది. ఇటివ్వు."

ఆమె కాగితం అందించింది. ఆయన పట్టుకున్నాడు. ఆమె వదల్లేదు.

"అమ్మా, వదులు."

వదల్లేదు. ఇద్దరి మధ్యా కాగితం నిగిడి నిలబడింది.

"ఏంటిది? చిరుగుతుంది!"

"నేను రాసింది తప్పు సార్. రెండూ సమానం కాదు." జేబులోంచి మైనపు చెయ్యి తీసి ఆయన చేతిలో పెట్టింది. "అచ్చులో కనపడితే నేనే పూడ్చేశాను. నర్సు వేలి గుంట అనుకున్నాను. ఏడాదినుంచి ఉందట."

గడియారం డాక్టరు తన బొటనవేలు అక్కడ ఆనించాడు. సరిగ్గా కుదిరింది. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేదని మైనపక్కకి అనిపించింది.

"ఎవరికి తెలుసు?"

"ఆవిడకి, నాకు. ఇప్పుడు మీకు."

"చెప్పకుండా ఉండగలిగేదానివి."

"ఇందాకటిదాకా ఉన్నాను సార్."

డాక్టరు తాళాలాయన ఉన్న గదివైపు నడిచాడు. "నువ్వూ రా. ఆ చేతుల్ని నాకంటే నువ్వే ఎక్కువసేపు పట్టుకున్నావు. మణికట్టు కదలకుండా పట్టుకోవాలి."

గుండె ఆడుతున్నంతసేపూ నరానికి కరెంటు తగిలిస్తే కండ పలుకుతుంది. పెన్నులాంటి ఒక పరికరం ఉంటుంది దానికి. ముందు ఎడమ మణికట్టుకి ఆనించాడు. తాళాలాయన ఎడమ బొటనవేలు టక్కున లేచి పడింది. మైనపక్క ఉలిక్కిపడింది. బతికున్నవాడి వేలు అది.

కుడివైపు ఆనించాడు. ఏమీ లేదు. పెంచాడు. లేదు. ఇంకా పెంచాడు. బొటనవేలి మొదట్లో చర్మం ఒకసారి, కన్ను అదిరినట్టు అదిరింది. అంతకు మించి లేదు.

"పూర్తిగా చావలేదు," అన్నాడు గడియారం డాక్టరు పరికరం కిందపెట్టి. "కత్తెర ఆడించేంత బతికీ లేదు. పద. అతనికి చెబుదాం. పంతొమ్మిది నిమిషాలు."

తమ్ముడు వాళ్ళిద్దర్నీ గుమ్మంలో చూడగానే తల దిండుకి ఆనించేశాడు.

"బొటనవేలేనా?"

మైనపక్క తలూపింది.

"ఇందాకే అనుకున్నా. నువ్వు చేసిన చెయ్యినైనా 'ఫరవాలేదు' అంటావు గానీ బంగారం అని ఏనాడన్నావు?"

"నా తప్పురా. నేను సరిగ్గా చూసి రాసుంటే నిన్ను ఇక్కడిదాకా తెచ్చేవాళ్ళే కాదు. నువ్వు ఆశపెట్టుకునేవాడివే కాదు. పైగా మొహంమీదే అబద్ధం చెప్పాను."

"ఏడుపు తర్వాత. సార్, ఇప్పుడేంటి దారి?"

గడియారం డాక్టరు మంచం అంచున కూర్చున్నాడు. ఆయన కూర్చోగా ఆస్పత్రిలో ఎవరూ చూడలేదు.

"మూడు దారులున్నాయి. ఎడమచెయ్యి ఒక్కటే పెట్టుకోవచ్చు, అది బంగారమే. కుడికి ఇంకొకరి చెయ్యి ఎప్పుడో దొరకాలి, కానీ ఒకసారి ఒకరి చెయ్యి ఒంటికి అలవాటు చేశాక రెండోవాళ్ళది సరిపోవడం చాలా కష్టం. రెండూ పెట్టుకోవచ్చు, కుడి బొటనవేలు సరిగ్గా పనిచేస్తుందని మాత్రం మాటివ్వలేను. తర్వాత ఇంకో ఆపరేషన్ చేసి వేరే నరాన్నో, వేరే వేలిని లాగే తాడునో అటు మళ్ళించి చూడొచ్చు, చూడొచ్చు అనే అంటున్నాను. మూడోది, ఏదీ వద్దని ఇంటికెళ్ళి మళ్ళీ ఫోనుకోసం కూర్చోవచ్చు. ఒకటి పెట్టుకున్నా రెండు పెట్టుకున్నా, పరాయి చేతిని ఒళ్ళు తోసేయకుండా జీవితాంతం మాత్రలు తప్పవు. ఆ మాత్రలతో ఒంటికొచ్చే ముప్పు నీకు ముందే చెప్పాను. ఆ ముప్పుకి తగ్గ చెయ్యి అవునా కాదా అన్నది నువ్వే చెప్పాలి."

"ఎంత టైముంది?"

"నీకు పదిహేను. కాలేయం కోసం వచ్చినవాళ్ళు ఆగరు."

తమ్ముడు పైకప్పు చూస్తూ ఉండిపోయాడు. మైనపక్క ఇంట్లో, బీరువా కింది అరలో, ఒక కత్తెర ఉంది. ప్రతి ఆదివారం దానికి ఒక చుక్క నూనె వేసి, నాలుగుసార్లు ఆడించి మళ్ళీ పెట్టేస్తుంది. నేనడిగేదాకా తుప్పు పట్టనీయకు అని చెప్పాడతను, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజున. ఆ కత్తెర సంగతి ఇద్దరూ ఇప్పుడు తలుచుకుంటున్నారని ఇద్దరికీ తెలుసు.

"అక్కా, ఆయనకి ఏడాదినుంచి ఉందన్నావు కదూ. మరి ఏడాదీ ఏం చేశాడాయన? ఇంట్లో కూర్చున్నాడా?"

"లేదురా. చివరిరోజుదాకా పనిచేశాడు."

"ఏం పని?"

గడియారం డాక్టరు గొంతు సవరించాడు. చెప్పకూడదు. మైనపక్క నోటికి పొద్దున వేసుకున్న కుట్లు అప్పటికే సగం ఊడి ఉన్నాయి.

"తాళాలు," అంది.

తమ్ముడు మోచేతుల మీద లేచి కూర్చున్నాడు.

"తాళాలా? బొటనవేలు లేకుండా తాళంచెవి ఎలా తిప్పాడు?"

మైనపక్క డాక్టరు వైపు చూసింది.

"అడగలేదా నువ్వు?"

అడగలేదు. తాళాలాయన భార్య చెబుతున్నంతసేపూ బుర్రనిండా తన తప్పు, తన తమ్ముడు, తన భయం. ఏడాదిపాటు ఒక మనిషి ఆ చేత్తో అన్నం ఎలా సంపాదించాడన్న ప్రశ్న మైనపక్కకి తట్టనేలేదు.

"అడిగి రా అక్కా. మూడు దారులూ తర్వాత. ముందు అది తెలియాలి నాకు."

"ఇద్దరూ కలవడానికి వీల్లేదు," అన్నాడు గడియారం డాక్టరు.

"నేనెక్కడ కలుస్తున్నాను సార్? మంచం దిగనన్నా దిగలేదు. అక్క వెళ్తుంది."

ఆయన లేచి నిలబడి, గోడ గడియారం వైపు తిరిగి, వాళ్ళకి వీపు చూపించాడు. "ఏమన్నారో నాకు వినపడలేదు. పన్నెండు నిమిషాలు."

మైనపక్క మెట్లన్నీ రెండేసి చొప్పున దిగింది. తాళాలాయన భార్య కింద వరండాలో, దుప్పట్ల బీరువా పక్కన బల్లమీద కూర్చుని ఉంది. పరిగెత్తుకొస్తున్న మనిషిని చూడగానే అర్థమైపోయింది.

"చెప్పేశావు కదూ?"

"చెప్పేశానమ్మా. క్షమించండి."

ఆమె మొహం తిప్పుకుంది. "అడిగిన ఒక్కమాట కూడా నిలబెట్టుకోలేకపోయావు. వద్దన్నారా?"

"ఇంకా అనలేదు. అమ్మా, ఒక్క సంగతి చెప్పండి. ఆయన తాళంచెవి ఎలా తిప్పేవారు?"

ఆమె మెల్లిగా ఇటు తిరిగింది. మైనపక్కని పైనుంచి కిందిదాకా చూసింది. ముడి ఊడిపోయిన జుట్టు, ఆయాసం, గుంట తవ్వినప్పటి మైనం ఇంకా అంటుకునే ఉన్న ఆ చేతులు.

"ఎవరడుగుతున్నారు?"

మైనపక్క పెదవులు బిగించింది. కళ్ళల్లో నీళ్ళని మాత్రం బిగించలేకపోయింది.

ఆమె ఇంకేమీ అడగలేదు. లేచి బీరువా దగ్గరికి వెళ్ళింది. తాళంచెవి దానికే వేలాడుతోంది. తీసి మైనపక్క చేతికిచ్చింది.

"బొటనవేలు అరచేతిలోకి మడిచెయ్యి. దాని సంగతి మర్చిపో. చెవిని ఈ రెండు వేళ్ళ సందులో ఇరికించు. ఇంకా లోపలికి, మొదట్లోకి. పిడికిలి బిగించు. ఇప్పుడు తిప్పు."

జారిపోయింది.

"చేత్తో తిప్పకూడదు. మొదట్లో ఆయనా అలాగే తిప్పి బోలెడు చెవులు వంచేశాడు." ఆమె మైనపక్క మోచెయ్యి పట్టుకుంది. "ఇక్కణ్ణుంచి రావాలి. భుజం వంచు. ఒళ్ళంతా కలిపి తిప్పు. పక్కింటి గడపమీద కూర్చుని మూణ్ణెల్లు సాధన చేశాడు, నేను చూడకూడదని. నేను వంటింట్లోంచి చూసేదాన్ని."

మళ్ళీ జారింది. మూడోసారి చెవి నిలిచింది. మోచెయ్యి, భుజం, నడుం, అన్నీ కలిసి కదిలాయి. బీరువా తాళం టక్‌మని పడింది.

ఆ చప్పుడుకి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అమ్మా," అంది మైనపక్క. ఇక దాచడానికి ఏముంది? "కత్తెరైతే?"

తాళాలాయన భార్య మళ్ళీ బల్లమీద కూర్చుంది. ఆ ఒక్కమాటతో పైనున్నది ఎవరో, ఏం పనివాడో, ఈమెకి ఏమవుతాడో అంతా ఆమెకి తెలిసిపోయింది.

"కత్తెర సంగతి నాకేం తెలుసు?" అంది. "తాళం సంగతి మాత్రం ఆయనకి ఎవరు నేర్పారు? ఆ చెయ్యి కావాలనుకుంటే మీవాణ్ణి నేర్చుకోమను. వద్దనుకుంటే నా దగ్గరే ఉంచు, రెండూ ఆయనతోనే పంపిస్తాను. కానీ జాలిపడి మాత్రం పుచ్చుకోవద్దని చెప్పు."

పైనుంచి నర్సు కేక మెట్లమీదుగా దిగొచ్చింది.

"మైనపక్కా! నాలుగు నిమిషాలే ఉంది! అతను మీరొచ్చాకే చెబుతానంటున్నాడు. సారు అడుగుతున్నారు, థియేటర్ బోర్డు మీద ఏం రాయమంటారు? ఒకటా, రెండా, అసలేమీ లేదా?"

మైనపక్క మెట్లవైపు పరిగెత్తింది. తాళంచెవి ఆమె రెండు వేళ్ళ సందులోనే ఉంది. బొటనవేలు ఇంకా అరచేతిలోకి మడిచే ఉంది.